రెండు దెబ్బల క్రియ

మా మామగారికి ఫ్రెంచ్ రాదు. ఫ్రెంచ్ నేర్పే సంస్థను ఆయన పాతికేళ్ళుగా నడుపుతున్నారు. ఈ రెండు వాక్యాల మధ్య 'కానీ' అని పెట్టాలో 'అందుకే' అని పెట్టాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

విద్యార్థులు ఆయన్ని చాటుగా బద్ద మాస్టారు అంటారు. గీతలు గీసుకునే చెక్క బద్ద ఒకటి ఎప్పుడూ ఆయన చేతిలో ఉంటుంది. గీత గీయగా మాత్రం నేను చూడలేదు. బల్ల మీద కొట్టడానికే అది. బోర్డు మీద ఒక క్రియ రాసి, దాన్ని నిలువు గీతలతో ముక్కలు చేసి, ముక్కకో దెబ్బ చొప్పున కొడతారు. దెబ్బ పడగానే క్లాసంతా ఆ ముక్క పలకాలి. రెండు ముక్కల క్రియకి రెండు దెబ్బలు, మూడు ముక్కలదానికి మూడు. వారం తిరిగేసరికి ఆయన బోర్డు మీద రాయనక్కర్లేదు. దెబ్బలు పడితే చాలు, ముందు రోజు పాఠంలోని క్రియ వాళ్ళ నోట్లోంచి దానంతటదే ఊడిపడుతుంది. దీనికి ఆయన 'శాస్త్రీయ పద్ధతి' అని పేరు పెట్టి, బయట గోడ మీద రంగుల్లో రాయించారు.

ఆ శాస్త్రం ఎక్కడ పుట్టిందో చెప్తాను. ఆయన కుర్రతనంలో ఎక్కడో పాత నిఘంటువు ఒకటి సంపాదించారు. అందులో ప్రతి మాట మధ్యా చుక్కలుంటాయి. పంక్తి చివర చోటు చాలకపోతే మాటని ఎక్కడ విరిచి కింది పంక్తిలోకి తోయాలో అచ్చువేసేవాళ్ళకి చెప్పే చుక్కలవి. నోటికీ వాటికీ సంబంధం లేదు. ఆ సంగతి ముందుమాటలో రాసే ఉంది. ముందుమాటలు చదివే ఓపిక మా మామగారికి లేదు. ఆ చుక్కల్నే ఉచ్చారణ అనుకున్నారు. రాసింది రాసినట్టు చదివే భాషలో పుట్టిన మనిషి కదా, అక్షరం కనిపిస్తే పలకకుండా వదలడం ఆయనకి పాపం. 'వాళ్ళు మాట్లాడతారు' అనడానికి ఫ్రెంచ్‌వాళ్ళు 'ఇల్ పార్ల్' అని నాలుక తిప్పి ఊరుకుంటారు. మా సంస్థలో అది 'ఇల్స్ పార్-లెంట్', బల్ల మీద మూడు దెబ్బలు. ఒక మాట చివరి హల్లు పక్క మాట మొదట్లోకి జారిపోవడం, ఊపిరి మాటల మీంచి ఆగకుండా సాగడం, ఇవన్నీ ఆయన దృష్టిలో బద్ధకస్తుల అలవాట్లు.

"వాళ్ళ దేశంలో వాళ్ళే భాషని పాడు చేసుకుంటున్నారమ్మా. మనం కాపాడుతున్నాం," అన్నారోసారి నాతో.

నేను ఆ భాషలో పెద్ద చదువే చదివాను. రెండేళ్ళపాటు ఆ దేశంలో పుట్టినావిడ నా నోరు సరిచేసింది. పెళ్ళిచూపుల్లో అది విని మా మామగారు పొంగిపోయారు, ఇంటి కోడలు ఫ్రెంచ్ చదివిందంటే సంస్థకి జీతం లేని పంతులమ్మ దొరికిందని. సాయంత్రం క్లాసు నాది. నేను పాఠం చెప్తుంటే ఆయన తలుపు తోసుకుని వచ్చేస్తారు. తట్టడం, అడగడం ఏమీ ఉండదు. వచ్చి వెనకాల నిలబడి, నా విద్యార్థి ఎవడైనా సరిగ్గా పలికితే చాలు, టక్కున బల్ల మీద ఒకటి వేసి "ముక్క మింగేశావురా" అంటారు. వాడు మళ్ళీ ఆ ముక్క కక్కుతాడు. నేను "అవును మామయ్యగారూ" అంటాను. ఆరేళ్ళు అలా అన్నాను. లోపల అనుకున్నవి అచ్చువేస్తే ఆయన నిఘంటువంత అవుతుంది.

మా ఆయనకి అన్నీ తెలుసు. ముందు గదిలో కూర్చుని ఫీజుల రసీదులు రాస్తుంటారు. నోట్లో నాలుక లేని మనిషి. "పెద్దాయనతో ఎందుకులే" అనేదొక్కటే ఆయనకొచ్చిన శాస్త్రీయ పద్ధతి.

ఇక్కడ చదివి బయటికెళ్ళినవాళ్ళ సంగతి చెప్పాలంటే సిగ్గు. వాళ్ళు చేత్తో కొట్టుకోకుండా నోరు తెరవలేరు. బద్ద లేకపోతే వేలు. ఒకతను బట్టల కొట్లో పనిలో చేరాడు. ఫ్రెంచ్ మాట్లాడే ఆవిడ ఎవరో వస్తే ఎదురెళ్ళి, గల్లా బల్ల మీద వేలితో కొడుతూ ఒక్కో ముక్కా పలికాడట. తొందరగా వెళ్ళిపొమ్మని కొడుతున్నాడనుకుని ఆవిడ ఏమీ కొనకుండానే వెళ్ళిపోయింది. అతనొచ్చి ఈ సంగతి చెప్తే మా మామగారు, "దెబ్బ గట్టిగా పడి ఉండదు," అన్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్న మనిషి కూడా ఎప్పుడో ఒకప్పుడు కుందేలు వంక చూసే ఉంటాడు. ఈయన చూడరు.

వీటన్నిటికంటే నాకు ఒళ్ళు మండేది మా ఆడపడుచు విషయంలో. బడి వయసు నుంచీ ఆ పిల్ల ఆయనకి చూపుడు బొమ్మ. కొత్తగా ఎవరైనా చేరడానికి వస్తే పిలిచి బోర్డు పక్కన నిలబెడతారు. ఆయన కొడుతుంటారు, ఆమె క్రియలు ఒప్పజెబుతుంది. వచ్చినవాళ్ళు నోరెళ్ళబెట్టి ఫీజు కట్టేస్తారు. అలా ఆడించి ఆడించి, ఇప్పుడు పొద్దుటి క్లాసు ఆమెకి అప్పజెబుతానని కూర్చున్నారు. ఆమె కోసం కొత్త బద్ద కూడా కొన్నారు.

అప్పుడే ఊరి చివర పెద్దాసుపత్రిలో ఆమెకి నచ్చిన ఉద్యోగం ఒకటి కనబడింది. అక్కడికి ఫ్రెంచ్ మాట్లాడే దేశాల నుంచి రోగులు వస్తారు. వాళ్ళని కూర్చోబెట్టి, నొప్పి ఎక్కడో అడిగి, డాక్టరుకి చెప్పాలి. దరఖాస్తు పెట్టింది. ఫోన్లో మాట్లాడించి పరీక్షిస్తామని కబురొచ్చింది.

ఆ రోజు డాబా మీద బట్టలు ఆరేస్తుంటే వచ్చి నా పక్కన నిలబడింది.

"వదినా, ఇది రాకపోతే నేను బద్ద పట్టుకోవాల్సిందే. ఇంక ఆ గదిలోంచి బయటపడను."

"వస్తుందిలే."

"ఎలా వస్తుంది? నేను మాట్లాడితే నాన్నలా ఉంటుంది. నాకు తెలుసు. నాకేం చెవుల్లేవా?"

ఆ మాటకి ఆమె మీద నాకు గౌరవం కలిగింది. ఆ ఇంట్లో చెవులున్న మనిషి ఇంకొకరున్నారని అప్పుడే తెలిసింది.

తడి దుప్పటి రెండు కొసలూ ఆమె చేతికిచ్చాను. "గట్టిగా పట్టుకో. ఇప్పుడు చెప్పు, 'మీకు ఎక్కడ నొప్పిగా ఉంది' అని. మధ్యలో ఆగకు. ఊపిరి ఎక్కడ అయిపోతే అక్కడే ఆపు." ఆమె వేళ్ళు కొట్టుకోవడానికి కొట్టుకులాడాయి. దుప్పటి వదిలితే దుమ్ములో పడుతుంది. వదల్లేదు. మొదటి రోజు వాక్యం కుంటింది, ఆ తర్వాత నడిచింది, చివరికి నాకంటే బాగా పరుగెత్తింది. రోజూ ఉతికిన బట్టలు చాలక ఉతకనివి కూడా తడిపి ఆరేశాం. కింద మా మామగారు, "ఈ ఇంట్లో ఇన్ని దుప్పట్లున్నాయా?" అని ఆశ్చర్యపోయారు.

పరీక్షకి ఒకటే నిబంధన: అభ్యర్థి గదిలో ఒంటరిగా ఉండాలి. ఎవరైనా జవాబులు అందిస్తున్నట్టు అనుమానమొస్తే అక్కడితో సరి. ఆ ముక్క నేను మామగారికి నిదానంగా, తెలుగులో, రెండుసార్లు చెప్పాను.

"నేను పరాయివాణ్ణా?" అన్నారు.

"పరాయివాళ్ళని కాదు మామయ్యగారూ, ఎవరూ ఉండకూడదట."

"నేను మాట్లాడను కదమ్మా. ఊరికే కూర్చుంటాను. పిల్ల భయపడుతుంది."

పరీక్ష రోజు పొద్దున్నే ఆఫీసు గదిలో ఫోను బల్ల మీద పెట్టి, అందరికీ వినబడేలా మీట కూడా ఆయనే నొక్కారు, ఉచ్చారణ తాను వినాలట. పెద్ద కుర్చీలో ఆయన, ఎదురుగా ఆ పిల్ల. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది, వేళ్ళు కదలకుండా. నేను గుమ్మంలో నిలబడి బయటికి రండని సైగ చేశాను. ఆయన ఈగని తోలినట్టు చెయ్యి ఊపారు.

ఫోను మోగింది. అవతల ఒకావిడ. గొంతు మెత్తగా ఉంది, మాట మాత్రం చురుగ్గా ఉంది. ఒంటరిగానే ఉన్నారా అని ఫ్రెంచ్‌లో అడిగింది. ఆడపడుచు తండ్రి వంక చూసింది. ఆయన నవ్వుతూ తలూపి చెప్పమన్నట్టు గడ్డం ఎగరేశారు. ఏమడిగారో తెలిస్తే కదా. ఆమె ఉన్నానంది. ఇంకేం చెప్తుంది?

తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. రోగి వచ్చి తల తిరుగుతోందంటే ఏమంటారు, ముసలాయన కోపంగా ఉంటే ఏం చేస్తారు. మా ఆడపడుచు మాట్లాడింది. దుప్పటి పట్టుకున్నట్టే మాట్లాడింది. మాటలు ఒకదానిలోకి ఒకటి జారి, ఊపిరి తెగకుండా, వింటుంటే నాకు ఒళ్ళు పులకరించింది. మా మామగారికి మాత్రం చెమట పట్టింది. తన కూతురు ముక్కలన్నీ మింగేస్తోంది. పాతికేళ్ళ శాస్త్రం కళ్ళముందే కొట్టుకుపోతోంది. ఆయన చెయ్యి బద్ద మీదికి వెళ్ళడం నేను చూశాను. నేను అడుగు వేసేలోపే కొట్టేశారు.

టక్. టక్. టక్.

"మీ తలుపు ఎవరో కొడుతున్నట్టున్నారు," అంది అవతలావిడ.

"లేదండీ," అంది ఆడపడుచు.

ఇంకో వాక్యం. మళ్ళీ టక్, టక్. నెమ్మదిగా, నెమ్మదిగా అన్నట్టు ఆయన రెండో చేత్తో గాలిని అదుముతున్నారు.

అవతలి గొంతులో మెత్తదనం పోయింది. "మీతో ఎవరో ఉన్నారు. సంజ్ఞలతో మీకు జవాబులు అందిస్తున్నారు. ఈ పరీక్ష ఇక్కడితో ఆపేస్తున్నాను."

ఆ పిల్ల ఒక్క క్షణం తండ్రి వంక చూసింది. కొత్తగా కొన్న రెండో బద్ద వెనకాల అలమారలో కనబడుతూనే ఉంది. తర్వాత ఫోను మీదికి వంగి, ఒక్క ఊపిరిలో, నేను నేర్పని వేగంతో అంది: "మా నాన్నగారండీ. చెప్పకపోవడం నా తప్పే. కానీ ఆయన నాకేమీ అందించలేరు. ఆయనకి ఫ్రెంచ్ రాదు. ఇప్పుడు మనం ఆయన గురించి మాట్లాడుకుంటున్నామని కూడా ఆయనకి తెలియడం లేదు."

నిజంగానే తెలియడం లేదు. 'నాన్న' అన్న మాట ఒక్కటి పట్టుకున్నట్టున్నారు, కళ్ళజోడు సర్దుకుని నిటారుగా కూర్చున్నారు.

అవతలావిడ ఫోనుకి కాస్త దూరంగా ఉన్న మనిషికి వినబడేలా గొంతు పెంచి, స్పష్టంగా అంది: "అయ్యా, దయచేసి గదిలోంచి బయటికి వెళ్ళండి."

మా మామగారి మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్ళకి ఆ భాషలో పుట్టిన మనిషెవరో ఆయన్ని ఉద్దేశించి మాట్లాడారు. ఫోను ముందుకి వంగి, బద్ద ఎత్తి, ముక్కకో దెబ్బ కొడుతూ, అక్షరం వదలకుండా జవాబిచ్చారు: "జె. వైస్. ట్రెస్. బి-యెన్. మెర్-సి."

నేను చాలా బాగున్నాను, ధన్యవాదాలు.

ఫోన్లో ఏదో చప్పుడైంది. దగ్గో నవ్వో తెలియదు. తర్వాత ఆవిడ, "అర్థమైందమ్మాయ్. మనం కొనసాగిద్దాం," అంది. గొంతులో మెత్తదనం మళ్ళీ వచ్చింది. ఆయన మళ్ళీ కొట్టారు కానీ ఆవిడ పట్టించుకోలేదు.

ఉద్యోగం వచ్చింది. ఎవరికైనా తండ్రి చదువు అక్కరకొస్తుంది. మా ఆడపడుచుకి తండ్రికి చదువు రాకపోవడం అక్కరకొచ్చింది. వెళ్ళి చేరింది కూడా. చేరేముందు నా చెయ్యి పట్టుకుంది.

"నాన్న అడిగితే చెప్పు వదినా. దాచకు. అడగడులే."

అడగలేదు. ఆయన్ని ఆ ప్రశ్న తొలుస్తూనే ఉందని నాకు తెలుసు. ఆవిడ తనతో అన్నదేమిటి? అన్నం తింటూ నా వంక చూసేవారు, మళ్ళీ కంచంలోకి చూసేవారు. అడిగితే రాదని ఒప్పుకున్నట్టవుతుంది. చూస్తూ చూస్తూ ఉంటే నాకు లోపల చల్లగా ఉండేది. అబద్ధమెందుకు, ఆ చూపుల కోసం వడ్డన కాస్త నెమ్మదిగా చేసేదాన్ని.

చివరికి ఆయనకో ఉపాయం తట్టింది. ఆ రోజు పొద్దుటి క్లాసు నిండుగా ఉంది. నేను వెనక బెంచీలో కూర్చుని సాయంత్రం పాఠం సిద్ధం చేసుకుంటున్నాను. మా మామగారు బోర్డు ముందు నిలబడి కూతురి విజయగాథ చెప్తున్నారు. శాస్త్రీయ పద్ధతి ఎలా పనిచేసిందో, ఆసుపత్రి పెద్దావిడ ఎలా ముచ్చటపడిందో.

"ఆవిడ నాతో స్వయంగా మాట్లాడారు," అన్నారు. "ఫోన్లో. నన్ను పేరు పెట్టి... సరే, ఆవిడ ఏమన్నారో నేను చెప్తే గొప్పలు చెప్పుకున్నట్టుంటుంది. మీ మేడమ్ అక్కడే ఉన్నారు. మేడమ్ చెప్తారు. చెప్పమ్మా."

క్లాసంతా నావైపు తిరిగింది. ఆయన మొహంలో ఎంత ఆత్రమో. చెవులు నిక్కబొడుచుకుని నిలబడ్డారు, అందరికంటే ఎక్కువ ఆయనే వినాలని.

లేచి నిలబడ్డాను. "'అయ్యా, దయచేసి గదిలోంచి బయటికి వెళ్ళండి' అన్నారు మామయ్యగారూ."

ముందు బెంచీలో ఒకమ్మాయి, పాపం నిజంగా తెలుసుకోవాలనే, అడిగింది. "సార్ ఏమన్నారు మేడమ్?"

"'నేను చాలా బాగున్నాను, ధన్యవాదాలు' అన్నారు."

ఎవరో ముక్కులోంచి నవ్వారు. పక్కవాడు మోచేత్తో పొడిచాడు. నాకు జాలేమైనా వేసిందా అంటే, వేయలేదు. ఆరేళ్ళ "అవును మామయ్యగారూ" అంతా గొంతులోంచి దిగిపోయి హాయిగా ఉంది.

ఆయన బోర్డు వైపు తిరిగారు. 'బయటికి వెళ్ళడం' అనే క్రియ రాశారు. మధ్యలో నిలువు గీత గీశారు. బద్ద ఎత్తారు.

టక్, టక్. "సొర్-తీర్," అంది క్లాసు.

టక్, టక్. "సొర్-తీర్."

ఆయన విడగొట్టింది సరిగ్గానే ఉంది. ఆ క్రియకి నిజంగానే రెండు ముక్కలు. ఆరేళ్ళలో తప్పు పట్టలేని పాఠం చెప్పారంటే అదే. చాలాసేపు కొట్టించారు, అక్కర్లేనంతసేపు. తర్వాత బద్ద బల్ల మీద పెట్టి, "మిగతాది మేడమ్ చెప్తారు," అని తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయారు. ఆవిడ మాట ఆయనకి అందడానికి అన్నాళ్ళు పట్టింది.

నేను బోర్డు దగ్గరికి వెళ్ళాను. పొద్దుటి క్లాసు నా చేతికి రావడం అదే మొదలు. "ఇప్పుడు ఎవరూ ఏమీ కొట్టకుండా చెప్పండి. చేతులు ఒళ్ళో పెట్టుకోండి. వాక్యంలో పెట్టి, ఒక్క ఊపిరిలో," అన్నాను. చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. నోరు ఒక్కరిదీ తెరుచుకోలేదు. గుడ్లప్పగించి బల్ల మీది బద్ద వంకే చూస్తున్నారు. నాకు తిక్క రేగింది. "నోరుంది కదా మీకు," అన్నాను. లాభం లేదు.

అప్పుడు తలుపు చప్పుడైంది.

మా మామగారు ఆ సంస్థలో ఏ తలుపూ తట్టగా నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు తట్టారు. లోపలికి రావచ్చా అన్నట్టు, మెల్లగా.

టక్, టక్.

"సొర్-తీర్!" అంది క్లాసు, ఒక్క గొంతుతో.

బయటికి వెళ్ళు అని చెప్పినట్టే వినబడింది. వాళ్ళు కావాలని అనలేదు. దెబ్బలు పడ్డాయి, నోళ్ళు తెరుచుకున్నాయి, అంతే. అనేశాక కొందరికి అర్థమై తలలు దించుకున్నారు. నాకు నవ్వు రావాలి. ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా అప్పుడే రావాలి. రాలేదు.

తలుపు సగం తెరుచుకుంది. ఆయన గుమ్మం దాటలేదు. క్లాసు వంక ఒకసారి చూశారు, బోర్డు వంక చూశారు, నా వంక మాత్రం చూడలేదు. బల్ల మీదున్న బద్ద ఇమ్మని చెయ్యి చాపారు. నేనే తెచ్చి ఇచ్చాను.

"బాగా పలికారు," అని వాళ్ళతో చెప్పి, తలుపు దగ్గరగా వేసుకుని వెళ్ళిపోయారు.